రెండు కళ్ల కెమెరా కొనేముందు
(రాజమహేంద్రవరంలో ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఫిల్మ్ మీద ఫోటోలు తీయాలన్న కోరికతో ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ బల్ల మీద పెట్టినవన్నీ టీఎల్‌ఆర్‌లు, అంటే ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాలు. మీ తాతయ్య, అమ్మమ్మల పెళ్లి ఫోటోలు, మీ నాన్నగారి హాల్ టికెట్ మీద అంటించిన ఫోటో చాలావరకు ఇలాంటి కెమెరాతోనే తీసి ఉంటారు. మన ఊళ్ల స్టూడియోల్లో యాషికా 635, యాషికా మ్యాట్ ఏళ్ల తరబడి అన్నం పెట్టాయి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ‘ఇందు’ రోల్ వేసి, నెగటివ్ మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసి ప్రింట్ ఇచ్చిన రోజులవి.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. పాత టీఎల్‌ఆర్ కొనేటప్పుడు పేరు చూసి డబ్బు పెట్టకండి, కండిషన్ చూసి పెట్టండి. మిగిలిన డబ్బు ఫిల్మ్‌కి వాడండి. ఎందుకంటే కెమెరా ఒక్కసారే కొంటారు, ఫిల్మ్ మాత్రం ప్రతి నెలా కొనాలి. ఒక రోల్‌కి వచ్చేవి 12 ఫోటోలే.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ముందు వరుసలో ఉన్నవాళ్లు కాస్త దగ్గరికి రండి. పై లెన్స్ మనం చూడటానికి, కింది లెన్స్ ఫోటో తీయడానికి. రెండూ ఒకే పలక మీద బిగించి ఉంటాయి. ఈ నాబ్ తిప్పితే పలక ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పై లెన్స్‌లో ఫోకస్ కుదిరిందంటే కింది లెన్స్‌లోనూ కుదిరినట్టే. పై లెన్స్ వెనక 45 డిగ్రీల కోణంలో అద్దం ఉంది. అది బొమ్మని ఈ గరుకు గాజు మీద వేస్తుంది. మూత తెరిచి, తల వంచి, పైనుంచి చూస్తాం. ఈ చిన్న భూతద్దం పైకి లేపితే ఫోకస్ ఇంకా కచ్చితంగా పెట్టుకోవచ్చు.

బొమ్మ నిలువుగా సరిగ్గానే ఉంటుంది కానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ నుంచి కుడికి నడిచే మనిషి గాజు మీద కుడి నుంచి ఎడమకి నడుస్తాడు. అతన్ని పట్టుకుందామని కెమెరా తిప్పితే మొదట్లో చెయ్యి తప్పు దిక్కుకే పోతుంది. రెండు మూడు రోల్స్ తీసేసరికి అలవాటైపోతుంది, దాని గురించి టెన్షన్ పడకండి.

దీని లాభాలు ఏమిటంటే, మామూలు ఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే ఒకే లెన్స్‌తో చూసి తీసే కెమెరాలో, క్లిక్ చేసిన క్షణంలో అద్దం పైకి లేస్తుంది, వ్యూఫైండర్ చీకటవుతుంది. సరిగ్గా ఫోటో పడే క్షణాన్ని మీరు చూడలేరు. టీఎల్‌ఆర్‌లో అద్దం కదలదు. క్లిక్ పడిన క్షణం కూడా మీ కళ్ల ముందే ఉంటుంది. పెళ్లిలో ఇరవైమందిని నిలబెట్టి గ్రూప్ ఫోటో తీసేటప్పుడు పెదనాన్నగారు కళ్లు మూశారా లేదా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. అవసరమైతే ఇంకోటి తీయొచ్చు. కదిలే అద్దం లేదు కాబట్టి అదురు కూడా ఉండదు. చెయ్యి స్థిరంగా ఉన్నవాళ్లు సెకనులో 30వ వంతుకి కూడా ధైర్యంగా తీయొచ్చు.

షటర్, అంటే ఫిల్మ్ మీదికి వెలుతురుని క్షణం సేపు వదిలే తలుపు, లెన్స్ లోపలే ఉంటుంది. చిన్న రేకులు తెరుచుకుని మూసుకుంటాయి. శబ్దం చాలా తక్కువ. పైగా ఏ స్పీడ్‌లోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మొహం మీద నీడలు పోగొట్టడానికి 1/500 సెకనులో కూడా ఫ్లాష్ వేయొచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. షటర్ పక్కన ఎం, ఎక్స్ అని రెండు గుర్తులుంటే, ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కి ఎక్స్ మీదే ఉంచాలి. ఎం అన్నది పాత ఫ్లాష్ బల్బుల కోసం. అక్కడ ఉంచితే ఫ్లాష్ ముందే వెలిగిపోయి, షటర్ తెరిచేసరికి వెలుతురు అయిపోతుంది.

నెగటివ్ విషయానికొస్తే, 35 మి.మీ. ఫిల్మ్‌లో ఫ్రేమ్ 24×36 మి.మీ. దీంట్లో 56×56. అంటే మూడున్నర రెట్లకు పైగా పెద్దది. అంత పెద్ద నెగటివ్ ఉన్నప్పుడు సాధారణ లెన్స్ కూడా గోడకి తగిలించుకునేంత ప్రింట్ ఇస్తుంది. తక్కువ ధర టీఎల్‌ఆర్ కొనుక్కోమని నేను ధైర్యంగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

ఈ నమూనాకి పేరు తెచ్చింది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరి కంపెనీ. 1929లో వాళ్లు రోలీఫ్లెక్స్ తెచ్చారు. తర్వాత జపాన్, రష్యా, చైనా, చెకొస్లొవేకియా, అందరూ ఆ దారే పట్టారు. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హొమాయి వ్యారావాలా చేతిలోనూ రోలీఫ్లెక్స్ ఉండేది. షికాగోలో పిల్లల ఆయాగా పనిచేస్తూ వీధుల్లో ఫోటోలు తీసుకున్న వివియన్ మేయర్ వాడింది కూడా అదే. ఆవిడ ఫోటోల గురించి ప్రపంచానికి తెలిసింది 2009లో ఆవిడ పోయాకే. ఫోటోగ్రఫీ ఆవిడ ఉద్యోగం కాదు, మనలాగే ఇష్టం కొద్దీ తీసుకున్నారు. అందుకే ఆవిడ పేరు నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది.

మరి అందరం రోలీఫ్లెక్సే కొనాలా? అక్కర్లేదు. రోలీఫ్లెక్స్ 2.8ఎఫ్ మోడల్‌కి పెట్టే ధరకి మంచి కండిషన్‌లో ఉన్న యాషికా-డీలు కనీసం నాలుగైదు వస్తాయి. ఎఫ్ 8 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది) తీసిన రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి ఏది దేనిదో చెప్పమంటే మనలో చాలామంది చెప్పలేరు.

నన్నడిగితే మొదటి కెమెరాగా యాషికా-డీ. ఇదిగో, ఇదే. ఫిల్మ్‌ని నాబ్‌తో తిప్పాలి, షటర్‌ని వేరే మీటతో కాక్ చేయాలి, అంటే క్లిక్‌కి సిద్ధం చేయాలి. లోపల మెకానిజం తక్కువ, కాబట్టి పాడయ్యేదీ తక్కువే. షటర్ 1 సెకను నుంచి 1/500 దాకా ఉంటుంది. లెన్స్ పాతవాటిలో యాషికార్, తర్వాతి వాటిలో యాషినాన్. యాషికార్‌లో మూడు గాజులు, యాషినాన్‌లో నాలుగు. యాషికార్‌ని ఎఫ్ 3.5లో పూర్తిగా తెరిస్తే అంచులు కాస్త మెత్తగా వస్తాయి, పోర్ట్రెయిట్లకి అది అందమే. ఎఫ్ 8కి వచ్చేసరికి రెండూ పదునే. యాషికార్ ఉందని ధర తగ్గిస్తే సంతోషంగా తీసుకోండి.

యాషికా మ్యాట్ 124జీ పేరు మీరంతా వినే ఉంటారు. 1970 నుంచి 1986 దాకా తయారైంది. మంచి కెమెరానే, కాదనను. కానీ ఆ పేరుకే ధర బాగా పెరిగిపోయింది. జీ అంటే వెలుతురు కొలిచే మీటర్ సర్క్యూట్‌లో బంగారు పూత వేసిన కాంటాక్టులు ఉన్నాయని. ఇన్నేళ్ల తర్వాత ఆ మీటర్‌ని ఎలాగూ పూర్తిగా నమ్మలేం. అంతకుముందు వచ్చిన మామూలు 124, దానికన్నా ముందరి మీటర్ లేని యాషికా మ్యాట్, లెన్స్ పరంగా దీనికేమీ తీసిపోవు. 124, 124జీ రెండింట్లోనూ వెనక తలుపు తీయగానే ఫిల్మ్‌ని చదునుగా నొక్కి ఉంచే ఈ ప్రెషర్ ప్లేట్ కనిపిస్తుంది. దీన్ని 12 (120 ఫిల్మ్‌కి), 24 (రెట్టింపు ఫోటోలు వచ్చే 220 ఫిల్మ్‌కి) అని రెండు స్థానాల్లో పెట్టొచ్చు. ఇప్పుడు మనకి దొరికేది వెనక కాగితం ఉన్న 120 ఫిల్మ్, కాబట్టి 12 మీదే ఉండాలి. కొన్న వెంటనే ఇది చూసుకోండి.

యాషికాలోనే రెండు మోడల్స్ జోలికి మాత్రం వెళ్లకండి. ఒకటి యాషికా 24. అది 220 ఫిల్మ్‌కి మాత్రమే పనికొస్తుంది, ఆ ఫిల్మ్ ఇప్పుడు దొరకడం చాలా కష్టం. రెండోది యాషికా 44. చూడటానికి ముచ్చటగా, చిన్నగా ఉంటుంది. దానికి 127 ఫిల్మ్ కావాలి, దొరకడం చాలా కష్టం. బేబీ రోలీఫ్లెక్స్‌దీ అదే సంగతి. కొడాక్ డ్యువాఫ్లెక్స్ అని అమెరికా నుంచి తెచ్చేవాళ్లుంటారు. అది 620 అనే వేరే రకం స్పూల్ (ఫిల్మ్ చుట్టే కడ్డీ) మీద నడుస్తుంది, పైగా దాని పై గాజులో ఫోకస్ కనిపించదు. చూడటానికి టీఎల్‌ఆర్‌లా ఉంటుందంతే.

రోలీ పేరు మీద నిజంగా మనసుంటే రోలీకార్డ్ చూడండి. అదే ఫ్యాక్టరీ, అంతే నాణ్యమైన పనితనం. ఫిల్మ్ తిప్పడానికి క్రాంక్ (తిప్పుడు పిడి) బదులు నాబ్ ఉంటుంది, షటర్ కాక్ చేయడం వేరు. ష్నైడర్ క్సెనార్ లెన్స్ ఉన్న వీఏ, వీబీ మోడల్స్ దొరికితే జీవితాంతం వాడుకోవచ్చు. లెన్స్ కింద ఉన్న ఈ ఒకే మీటని ఒకవైపు తోస్తే కాక్ అవుతుంది, రెండోవైపు తోస్తే ఫోటో పడుతుంది. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇది.

మినోల్టా ఆటోకార్డ్ లెన్స్ చాలా గొప్పది. ఫిల్మ్ వంపు తిరగకముందే ఫోటో పడే గేటులోకి వస్తుంది కాబట్టి చదునుగా నిలుస్తుంది. బలహీనత ఒక్కటే. ఫోకస్ చేయడానికి కింద చిన్న మీట ఉంటుంది. గ్రీజు గట్టిపడితే ఆ మీట బిగుస్తుంది, బలం ఉపయోగిస్తే విరుగుతుంది. కొనేటప్పుడు ఒక వేలితో మెల్లగా జరిపి చూడండి. కదలకపోతే అక్కడే వదిలేయండి.

ఇంకా తక్కువలో కావాలంటే రికోఫ్లెక్స్, లూబిటెల్, సీగల్ ఉన్నాయి. లూబిటెల్ లెనిన్‌గ్రాడ్‌లోని లోమో ఫ్యాక్టరీది. 75 మి.మీ. ఎఫ్ 4.5 లెన్స్, షటర్ 1/250 దాకానే. పై గాజు మధ్యలో చిన్న గరుకు వృత్తం మాత్రమే ఫోకస్‌కి ఉంటుంది, ఫోకస్ పెట్టడం కాస్త కష్టం. అయినా పగటి వెలుతురులో ఎఫ్ 11 దగ్గర దాని ఫోటోలు చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. వీటిలో లూబిటెల్, రికోఫ్లెక్స్ లాంటి వాటికి వెనక ఎర్ర కిటికీ ఉంటుంది. కాగితం మీద అంకె చూసుకుంటూ ఫిల్మ్ తిప్పాలి. ఎర్రటి ఎండలో ఆ కిటికీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తిప్పండి.

మామియా సీ220, సీ330 సంగతి వేరు. టీఎల్‌ఆర్‌లలో లెన్సులు మార్చుకునే వీలు బాగా పేరున్నది వీటికే. బరువు చాలా ఎక్కువ. భుజాన వేసుకుని ఊరంతా తిరిగేవాళ్లకి నేను చెప్పను. ఇంట్లో, స్టాండ్ మీద పోర్ట్రెయిట్లు తీసేవాళ్లకి చాలా బాగుంటుంది. ప్రతి లెన్స్‌కీ దాని షటర్ దానికే ఉంటుంది, కాబట్టి షటర్ పాడైతే కెమెరా పారేయక్కర్లేదు, లెన్స్ జత మారిస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయం, కెమెరా చేతిలోకి వచ్చాక ఏం చూడాలి. జాగ్రత్తగా వినండి, ఫోన్‌లో టార్చ్ కూడా వెయ్యండి.

మొదట షటర్. 1 సెకను పెట్టి కాక్ చేసి నొక్కండి. లోపల చిన్న పళ్ల చక్రాలు తిరిగే సన్నని శబ్దం ఆగకుండా, ఒకే తీరుగా రావాలి. మధ్యలో ఆగి మళ్లీ కదిలితే లోపల గ్రీజు ఎండిందని అర్థం. 1/2, 1/4, 1/8 కూడా వినండి. 1/60 నుంచి పైన బాగుండి, కింది స్పీడ్లు నెమ్మదిస్తే కంగారు పడక్కర్లేదు. పగలు తీయొచ్చు, తర్వాత సర్వీస్ చేయించుకోవచ్చు. ఆ మేరకి ధర తగ్గించమనండి. ఒక్కటి మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను, షటర్‌లో కుట్టుమిషన్ నూనె వేయకండి. ఆ రేకులు పొడిగా ఉండాలి. నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. సెల్ఫ్ టైమర్ మీట కూడా ముట్టుకోకండి. పాత షటర్లలో అది మధ్యలో ఇరుక్కుంటే మొత్తం షటరే ఆగిపోతుంది. స్పీడ్ ముందు పెట్టుకుని తర్వాత కాక్ చేయడం అలవాటు చేసుకోండి, ముఖ్యంగా 1/500కి.

తర్వాత లెన్స్. స్పీడ్ బీ (నొక్కి ఉంచినంతసేపూ షటర్ తెరిచి ఉండే స్థానం) మీద పెట్టి, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక తలుపు తీసి, షటర్ నొక్కి పట్టుకోండి. ముందు నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి వెనక నుంచి చూడండి. సన్నగా సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్. మన కోస్తా జిల్లాల తేమకి ఇది మామూలే. అంచున ఒకటి రెండు దారాలుంటే ఫోటోలో ఏమీ తెలియదు. గాజు అంతా మసక పొర ఉంటే మాత్రం ఎండకి ఎదురుగా తీసిన ఫోటోలన్నీ వెలిసిపోతాయి. పై లెన్స్‌లో ఫంగస్ ఉంటే చూపు మందగిస్తుందే తప్ప ఫోటోకి నష్టం లేదు. బేరం ఆడటానికి మంచి అవకాశం అది. దుమ్ము రేణువుల గురించి పట్టించుకోకండి.

గాజు మీద బొమ్మ మరీ చీకటిగా ఉంటే అద్దం పాడై ఉంటుంది. దాన్ని బట్టతో తుడవకండి. వెండి పూత గాజు పైనే ఉంటుంది, తుడిస్తే ఊడొస్తుంది. మార్చాలంటే పైపూత ఉన్న అద్దమే కావాలి. గోడ అద్దం ముక్క కోసి పెడితే బొమ్మ రెండుగా కనిపిస్తుంది, ఫోకస్ కూడా తప్పుతుంది.

పై గాజు, కింది లెన్స్ ఒకే చోట ఫోకస్ అవుతున్నాయా అన్నది చాలామంది చూడరు. ఎవరో ఎప్పుడో విప్పి బిగించిన కెమెరాల్లో ఈ తేడా తరచుగా వస్తుంది. వెనక ఫిల్మ్ నడిచే పట్టాల మీద గరుకు సెలోటేప్ బిగుతుగా అంటించండి. స్టాండ్ మీద కెమెరా పెట్టి, బీలో షటర్ తెరిచి ఉంచి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ని పై గాజులో ఫోకస్ చేయండి. టేప్ మీద కూడా టవర్ అంతే స్పష్టంగా ఉండాలి. లేకపోతే సర్దగలిగిన మెకానిక్ మీకు తెలిసినప్పుడే కొనండి.

ఎక్కడ కొనాలంటారా? మీ ఊళ్లో పాత స్టూడియో ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. ఆ పెద్దాయన బీరువాలో ఒకటి ఉండే ఉంటుంది. ఆయన రోజూ వాడిన కెమెరా అయితే షోకేసులో పెట్టిన దానికన్నా నయం, కదిలే భాగాలు బిగుసుకుపోవు. కూర్చుని మాట్లాడండి, ఆయన లైటింగ్ పెట్టే పద్ధతి అడగండి. కెమెరా కన్నా అదే మీకు ఎక్కువ ఉపయోగం. తెచ్చుకున్నాక తోలు కేసులో పెట్టి అటక మీద పడేయకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, ఫంగస్ అక్కడే మొదలవుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

మీటర్ లేకపోతే ఎలా అని చాలామంది భయపడతారు. మన ఎండ మనకి పెద్ద వరం, ఏడాదిలో చాలా నెలలు ఒకేలా ఉంటుంది. ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురుకి స్పందించే వేగం) 100 ఫిల్మ్ అయితే నిండు ఎండలో 1/125, ఎఫ్ 16. ఎండ పల్చబడితే ఎఫ్ 11. మబ్బు పడితే ఎఫ్ 8. చెట్టు నీడలో ఎఫ్ 5.6, వరండా లోపల ఇంకో స్టాప్, అంటే ఎఫ్ 4కి, తెరవండి. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ కూడా బాగానే పనిచేస్తుంది. 124జీలో మీటర్ వాడాలనుకుంటే, దానికి కావలసిన 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు. చెవి మిషన్‌కి వేసే 675 జింక్ ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది. చిన్న రింగ్ పెట్టి వేస్తే దగ్గరగా చూపిస్తుంది.

మొదటి రోల్ బ్లాక్ అండ్ వైట్ వేయండి. ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ గానీ ఫోమాపాన్ 100 గానీ. అటక మీద దొరికిన కాలం చెల్లిన రోల్ వద్దు. ఫోటోలు రాకపోతే తప్పు కెమెరాదా ఫిల్మ్‌దా అన్నది తెలియదు. లోడ్ చేయడం చూడండి. కాగితం కొసని ఖాళీ స్పూల్ చీలికలో దూర్చి, కాగితం మీద బాణం గుర్తు ఇక్కడున్న చుక్కకి ఎదురుగా వచ్చేదాకా తిప్పి, అక్కడ ఆపి తలుపు వేయాలి. బాణం దాటిపోతే పన్నెండోది సగం పడుతుంది. ఎండలో కాదు, నీడలో చేయండి. అయిపోయాక కాగితం బిగుతుగా చుట్టి అంటించండి. వదులైతే అంచుల నుంచి వెలుతురు పాకుతుంది.

డెవలపింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. ట్యాంకు, డీ-76 డెవలపర్, ఫిక్సర్ చాలు. రసాయనాలకి లెక్క 20 డిగ్రీలు. మే నెలలో మన కుళాయి నీళ్లు 30 దాటి ఉంటాయి. సీసాలని ఐసు వేసిన టబ్బులో కాసేపు ఉంచి, థర్మామీటర్ చూసి మొదలుపెట్టండి. కడిగే నీళ్లు కూడా మరీ తేడాగా ఉండకూడదు.

(సభలో ప్రశ్న: కలర్ ఫిల్మ్ వేయొచ్చా సార్?)

వేయొచ్చమ్మా. 2022లో కొడాక్ గోల్డ్ 200 మళ్లీ 120 సైజులో వచ్చింది. మన ఎండకి బాగా సరిపోతుంది. డెవలప్ చేసే ల్యాబ్ ఊళ్లో లేకపోతే కొరియర్‌లో పంపాలి. ఒక్క రోల్ కోసం పంపకుండా మూడు నాలుగు కలిపి పంపితే ఖర్చు కలిసొస్తుంది.

(ప్రశ్న: మా అక్క డాలస్‌లో ఉంటుంది. అక్కడ కొని తెప్పించుకుంటే మంచిదేనా?)

మంచిదే. అమ్మేవాళ్లని ‘ఫిల్మ్ వేసి తీశారా, తీస్తే ఫోటోలు చూపించండి’ అని అడగమను. బాగానే ఉందనుకుంటున్నాం అనేవాళ్ల దగ్గర వద్దు. తిరిగి తీసుకుంటారా అన్నది కూడా కనుక్కోమను. వచ్చేటప్పుడు ఫిల్మ్ కూడా తెస్తానంటే, రోల్స్ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పు. అక్కడి ఎక్స్-రే బలంగా ఉంటుంది, ఫిల్మ్ పొగబారుతుంది. చేతి సంచిలో, కనిపించే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, సెక్యూరిటీ దగ్గర మిషన్‌లో వేయకుండా చేత్తో చూడమని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.